ఇతిహాస వీరుల గురించి మాట్లాడమంటే ఎలా సిద్ధం కావాలి

శ్రీరామనవమి పందిట్లోనో, ఊరి గ్రంథాలయంలోనో, మీ పిల్లలు చదివే కాలేజీలోనో “ఇతిహాసాల్లో వీరులు అనే విషయం మీద ఒక అరగంట మాట్లాడండి” అని మిమ్మల్ని అడిగారనుకుందాం. ఒప్పుకున్న రాత్రే చాలామంది ఒక కాగితం తీసి ధైర్యం, బలం, సత్యం, త్యాగం, గురుభక్తి అని వరసగా రాసేస్తారు. ఒక్కో గుణానికి ఒక్కో వీరుణ్ణి తగిలిస్తారు. సభలో ఐదో నిమిషానికి వెనక వరసల్లో ఫోన్లు బయటికొస్తాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్ళు తెల్లవార్లూ కురుక్షేత్రం నాటకాలు చూసినవాళ్ళు. మీరు పద్యం ఎత్తుకుంటే తర్వాతి పాదం వాళ్ళే అందిస్తారు. అర్జునుడు ధైర్యవంతుడని వాళ్ళకు మీరొచ్చి చెప్పక్కర్లేదు.

కాబట్టి గుణాల లిస్టు పక్కన పెట్టండి. వీరుడు భయపడిన చోటు, వెనక్కి తగ్గిన చోటు, తగ్గబోయి ఆగిన చోటు వెతకండి. పాత కవులు వీరుడి అసలు స్వభావాన్ని అక్కడే చూపించారని నా నమ్మకం. ఇక ఎలా సిద్ధం కావాలో చూద్దాం.

1. ఒక్క ఘట్టం పట్టుకోండి

భారతం, రామాయణం మొత్తం అరగంటలో చెప్పబోతే ఏదీ చెప్పలేరు. మన వైపు మాట్లాడేవాళ్ళు ఎవరడిగినా నేను ఉత్తర గోగ్రహణం, అంటే కౌరవులు విరాటుడి ఆవులను తోలుకుపోయిన కథ, తీసుకోమంటాను. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపిన భారతాన్ని 13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన అందుకున్నది విరాటపర్వం నుంచే. పైగా వీరుడి గురించి ఇతిహాసం వేసే ప్రశ్నలు దాదాపు అన్నీ ఈ ఒక్క ఘట్టంలోనే దొరుకుతాయి.

టీటీడీ వాళ్ళు వేసిన కవిత్రయ భారతంలో పద్యంతోపాటు అర్థం, తాత్పర్యం ఉంటాయి. విరాటపర్వం నాలుగో, ఐదో ఆశ్వాసాల తాత్పర్యం ముందు కథలాగా చదివేయండి. రెండోసారి పద్యాలు పైకి చదవండి. అర్థంకాని సమాసం దగ్గర ఆగిపోకండి, దాని సంగతి మూడోసారి చూడొచ్చు. చదువుతూ రెండే విషయాలు రాసుకోండి: ఎవరు ఏ పని చేశారు, అది చూసి ఎవరు ఏమన్నారు. “మహావీరుడు” అని రాసుకున్న కాగితం సభలో అక్కరకు రాదు. “జుట్టు పట్టుకుని ఆపాడు” అని రాసుకున్నది అక్కరకొస్తుంది.

మీ కాగితం మీదికి రావాల్సినవి ఇవి. కౌరవులు ఆవులను తోలుకుపోతున్నారని కబురు వచ్చేసరికి విరాటుడు ఊళ్ళో లేడు, దక్షిణం వైపు సుశర్మ మీదికి వెళ్ళాడు. మిగిలింది ఉత్తరకుమారుడు. సరైన సారథి ఉంటేనా అని అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కోతలు కోస్తాడు. ఉత్తరకుమార ప్రగల్భాలు అని ఇప్పటికీ మనం అనేది ఇందుకే. అజ్ఞాతవాసంలో అర్జునుడు ఆడవేషానికి పెట్టుకున్న బృహన్నల పేరును ద్రౌపది ముందుకు తెస్తుంది. చెల్లెలు ఉత్తర తన బొమ్మపొత్తికలకు కౌరవుల బట్టలు తెమ్మంటుంది. తీరా సేన కంటపడగానే రాజకుమారుడు రథం దూకి పరుగు. ఆడవేషంలో ఉన్న అర్జునుడు జడ ఎగురుతుండగా వెంటపడి పట్టుకుంటాడు. చూసి కౌరవ సైనికులు నవ్వుతారు.

ఇక్కడ కాసేపు ఆగండి. పారిపోయినవాణ్ణి అర్జునుడు చీవాట్లు పెట్టి ఇంటికి పంపలేదు. నువ్వు పగ్గాలు పట్టు, యుద్ధం నేను చేస్తాను అన్నాడు. వణుకుతున్నవాడికి చేతనయ్యే పని ఒకటి అప్పగించాడు. జమ్మిచెట్టు ఎక్కించి ఆయుధాలు దింపించాడు, తన పది పేర్లూ ఎలా వచ్చాయో చెప్పాడు. సమ్మోహనాస్త్రం వేశాక ఆ ఉత్తరుడే దిగి వెళ్ళి, పడి ఉన్న వీరుల బట్టలు తెచ్చాడు. భీష్ముడి జోలికి మాత్రం వెళ్ళొద్దని అర్జునుడు ముందే చెప్పాడు, ఆ అస్త్రానికి విరుగుడు ఆయనకు తెలుసు కాబట్టి. గెలిచాక, గెలుపు నీదేనని మీ నాన్నకు చెప్పు అన్నాడు. అజ్ఞాతవాసం గడువు తీరిపోయింది, ఇంక పేరు దాచుకోవాల్సిన పనిలేదు. అయినా ఆ రోజుకు కీర్తిని పక్కవాడికి వదిలేశాడు. మీ అరగంటలో పది నిమిషాలు ఈ ఘట్టం దగ్గరే గడిపినా తప్పులేదు.

2. వెనక్కి తగ్గిన చోట్లు ఏరండి

ఇప్పుడు మీ ఘట్టానికి తోడుగా ఇంకో రెండు మూడు వెతకండి. గొప్ప వీరుల్లో భయపడనివాడు దొరకడం కష్టం. కురుక్షేత్రంలో అర్జునుడే గాండీవం జార్చి కూర్చున్నాడు. హనుమంతుడు సముద్రం ఒడ్డున ఊరక కూర్చుంటే జాంబవంతుడు అతని బలం అతనికి గుర్తుచేయాల్సి వచ్చింది. లంకంతా గాలించి సీత కనబడనప్పుడు వట్టిచేతులతో తిరిగి వెళ్ళడం కంటే చావడం మేలనుకున్నాడు. అశోకవనం ఇంకా చూడలేదని తట్టింది ఆ తర్వాతే. సుందరకాండ పారాయణం చేసేవాళ్ళకు ఈ సర్గ బాగా తెలుసు. కానీ సభల్లో హనుమంతుడి నిరాశ గురించి ఎవరూ మాట్లాడరు, తోకకు నిప్పు దగ్గరికి వెళ్ళిపోతారు.

బయటి ఇతిహాసాల్లో కూడా ఇంతే. గ్రీకు కవి హోమర్ పేరున ఉన్న ఇలియడ్ మొదలయ్యేదే గ్రీకు వీరుడు అకిలీస్ కోపంతో. తన వంతుకొచ్చిన బందీ బ్రిసేయిస్‌ను సేనాధిపతి అగమెమ్నాన్ లాక్కున్నాడని అతను యుద్ధం మానేసి గుడారంలో కూర్చుంటాడు. గ్రీకులు ముట్టడించిన ట్రాయ్ నగరం దగ్గరే ఉంటే చిన్న వయసులో చావు, చెరగని పేరు. ఇంటికి వెళ్తే పేరులేని దీర్ఘాయువు. ఈ రెండు దారులూ అతనికి తల్లి ముందే చెప్పింది. ఆప్తమిత్రుడు పాట్రోక్లస్ చనిపోయాక గానీ అతను కత్తి పట్టలేదు. అవతలి పక్షాన హెక్టర్, ట్రాయ్ మొత్తానికి దిక్కు. అకిలీస్ దగ్గరికి వచ్చేసరికి అతను పరిగెత్తాడు, కోట చుట్టూ మూడుసార్లు. ఆ తర్వాత నిలబడి పోరాడి చచ్చిపోయాడు. కవి ఆ పరుగును దాచలేదు. ఇంకా పాతదైన మెసపొటేమియా కావ్యంలో గిల్గమేష్, స్నేహితుడు ఎంకిడు చనిపోయాక, నాకూ ఇదే గతా అని బెంబేలెత్తి చావులేని మనిషిని వెతుక్కుంటూ లోకం చివరికి పోతాడు.

ఎంచుకున్న ప్రతి వీరుడి పేరు కిందా మూడు మాటలు రాయండి: అతన్ని ఏది భయపెట్టింది, ఏది ఆపింది, ఆగాక ఏం చేశాడు. మీ ప్రసంగానికి అసలు సరుకు ఇదే.

3. ఎవరి కళ్ళ ముందు తగ్గాడు?

ఇక్కడ మన నేల మీది కథ ఒకటి ఉంది, దాన్ని వదలొద్దు. ఖడ్గతిక్కన కవి తిక్కనకు అన్నదమ్ముల వరస, నెల్లూరు రాజు మనుమసిద్ధి సేనాని. గొల్లల నాయకుడు కాటమరాజు మీద యుద్ధానికి వెళ్ళి, నిలవలేక ఇంటికి తిరిగొచ్చాడట. స్నానానికి వెళ్తే భార్య మంచం చాటు పెట్టి పసుపు ఉంచింది. ఇదేమిటంటే, ఇంట్లో ఇన్నాళ్ళూ ఇద్దరం ఆడవాళ్ళం, ఇప్పుడు ముగ్గురమయ్యాం అంది. భోజనం దగ్గర తల్లి విరిగిన పాలు పోసి, నువ్వూ విరిగొచ్చావు, పశువులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. అతను తిరిగి వెళ్ళి పోరులో ప్రాణం విడిచాడు. ఇవి చాటుపద్యాల్లో నిలిచిన మాటలు. చెప్పుకునే కథగానే చెప్పండి, చరిత్ర అని ఒట్టు పెట్టకండి.

ఇది చెప్పగానే ఉద్యోగపర్వంలో విదుల కథ ఎత్తుకోండి. కుంతి తన కొడుకులకు చెప్పమని కృష్ణుడితో పంపిన కథ అది. సింధురాజు చేతిలో ఓడిపోయి వచ్చి పడుకున్న కొడుకు సంజయుణ్ణి తల్లి విదుల మాటలతో కాల్చేస్తుంది. చాలాకాలం పొగలు చిమ్మడం కంటే ఒక్క క్షణం భగ్గున మండడం మేలంటుంది. ఖడ్గతిక్కన తల్లీ విదులా పక్కపక్కనే నిలబడతారు, సభకు వేరే వ్యాఖ్యానం అవసరం ఉండదు.

ఒక జాగ్రత్త. ముగ్గురాడవాళ్ళం అన్న మాటను నవ్వుకోసం వాడొద్దు. మీ ముందు కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళే. ఆడతనం అంటే పిరికితనం అన్న లెక్క ఆ మాటలో ఉంది. అది ఆ కాలపు లెక్క అని ఒక్క వాక్యంలో చెప్పి, అదే తిక్కన ద్రౌపది నోట కీచకుడితో పలికించిన పద్యం ఎత్తండి. “దుర్వారోద్యమ” అని మొదలవుతుంది, అందరికీ తెలిసిందే. చేతిలో ఆయుధం లేకుండా, పరాయి కొలువులో దాసిగా ఉండి అంత మాట అనగలిగిన మనిషిని వీరుల లెక్కలోకి ఎందుకు తీసుకోరో నాకు అర్థం కాదు.

ఇలియడ్‌లో దీనికి ఎదురు కథ దొరుకుతుంది. హెక్టర్ భార్య ఆండ్రోమకీ యుద్ధానికి వెళ్ళొద్దని ఏడుస్తుంది. చంటిబిడ్డ తండ్రి శిరస్త్రాణం మీది కుచ్చు చూసి జడుసుకుంటే, హెక్టర్ నవ్వి దాన్ని తీసి నేల మీద పెట్టి బిడ్డను ఎత్తుకుంటాడు. అయినా వెళ్తాడు. వెనక్కి తగ్గితే ట్రాయ్ మగవాళ్ళ ముందూ ఆడవాళ్ళ ముందూ తలెత్తుకోలేనంటాడు. మన కథలో భార్య పొమ్మంది, అక్కడ భార్య వద్దంది. ఇద్దరినీ యుద్ధంలోకి నెట్టింది మాత్రం నలుగురి చూపే.

4. పోరు దేనికోసమో తేల్చండి

ధర్మం కోసం అనేసి దాటిపోవద్దు. వస్తువు ఏదో పట్టుకోండి. విరాటుడి ఊళ్ళో ఆవులు. కాటమరాజు కథలోనూ ఆవులే: కరువుకి మేత కోసం మందలు నెల్లూరు సీమకు వచ్చాయి, మేసినందుకు కట్టాల్సిన పుల్లరి దగ్గర మాట తేడా వచ్చింది, అది పాలేటి ఒడ్డున యుద్ధం దాకా పోయింది. ఇలియడ్ మొదట్లోనే అకిలీస్, ట్రాయ్ వాళ్ళు నా పశువుల్ని తోలుకుపోలేదు, నాకు వాళ్ళతో ఏం పగ అని అడుగుతాడు. పశువే సంపద అయిన కాలంలో మందకు కాపలా కాయడమే వీరుడి మొదటి ఉద్యోగం. ఒంగోలు గిత్త పుట్టిన గడ్డ మీద ఈ మాట చెప్పడానికి పెద్ద కష్టపడక్కర్లేదు, రైతులు వెంటనే అందుకుంటారు. కవి తిక్కన ఇంట్లో మనిషి పశువుల తగాదాలో పోయాడు, ఆయన భారతం గోగ్రహణం ఉన్న పర్వంతో మొదలైంది. ఈ రెండూ కలిపి “అందుకే రాశాడు” అనాలని నోరు ఊరుతుంది. అనకండి. పక్కపక్కన పెట్టి ఊరుకోండి.

ఇంకో రకం జవాబు కూడా ఒకటి చెప్పండి. ఇలియడ్‌లో సర్పెడాన్ అనే రాజు తోటి వీరుడు గ్లాకస్‌తో అంటాడు: విందులో మంచి మాంసం మనకు పెడుతున్నారు, మంచి పొలాలు మనకు ఇచ్చారు, కాబట్టి ముందు వరసలో నిలబడాల్సింది మనమే. ఎప్పటికీ చావు లేకపోతే నేనూ యుద్ధం చేయను, నిన్నూ చేయమనను అని కూడా అంటాడు. పదవిలో ఉన్నవాళ్ళు వేదిక మీద ఉంటే ఈ మాట కాస్త నిదానంగా, వాళ్ళ వైపు చూడకుండా చెప్పండి.

5. ఎదుటి పక్షం మాట వినండి

శత్రువును తక్కువ చేసే కథ ఇతిహాసం కాలేదు. దానికి మంచి రుజువు తిక్కన “కాంచనమయ వేదికా” సీసం. మన కాలంలో బళ్ళో కంఠస్థం చేసినవాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు. అర్జునుడు ఉత్తరుడికి కౌరవ వీరులను జెండాల గుర్తుతో చూపిస్తాడు: బంగారు వేదిక ద్రోణుడిది, సింహపు తోక అశ్వత్థామది, ఎద్దు కృపుడిది, శంఖం కర్ణుడిది, పాము దుర్యోధనుడిది, తాటిచెట్టు భీష్ముడిది. కాసేపట్లో చంపడానికైనా సిద్ధపడి ఎదుర్కోబోయేవాళ్ళ గురించి ఒక్క తిట్టు లేదు. ఎవరు ఎక్కడున్నారో సరిగ్గా చూసుకో అంటాడంతే. ఇలియడ్ కూడా గ్రీకుల గెలుపుతో ముగియదు. ట్రాయ్ ముసలి రాజు ప్రయామ్ రాత్రిపూట వచ్చి, తన కొడుకు హెక్టర్‌ను చంపిన చేతులనే ముద్దు పెట్టుకుని శవాన్ని అడుగుతాడు. అకిలీస్ ఇస్తాడు. హెక్టర్ అంత్యక్రియలతో కావ్యం అయిపోతుంది.

ఖడ్గతిక్కన కథ మీరు నెల్లూరు వైపు నుంచి చెప్పారు కాబట్టి, గొల్లల వైపు నుంచి కాటమరాజు కథ పాడే కొమ్మువాళ్ళ పాట మీ చుట్టుపక్కల దొరికితే వినండి. అందులో వీరులు వేరే. కనిగిరి వైపు సభ అయితే ఇది మరీ ముఖ్యం. ఒక పక్షమే చెప్పి దిగిపోతే సభ అయ్యాక మీకే క్లాసు పడుతుంది.

6. తప్పు దాచొద్దు

వాలిని రాముడు చాటునుంచి కొట్టాడు. వాల్మీకి ఆ సంగతి తేలిగ్గా దాటేయలేదు, పడిపోయిన వాలి చేతే రాముణ్ణి నిలదీయించాడు. నవమి పందిట్లో దీన్ని మీ ప్రశ్నగా అడిగితే గొడవ. వాలి మాటగా వాలి నోటితో చెప్పి, రాముడి జవాబు కూడా పూర్తిగా చెప్పండి. ఆ వెంటనే యుద్ధకాండలో విల్లు విరిగి నిలబడ్డ రావణుణ్ణి ఈ రోజుకు వెళ్ళు అని వదిలేసిన ఘట్టం చెప్తే, ఒకే మనిషిలోని రెండూ సభకు కనబడతాయి.

7. అలంకారశాస్త్రం చిటికెడు చాలు

ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాయకులు నాలుగు రకాలు. వీరరసానికి స్థాయీభావం, అంటే పునాదిగా ఉండే భావం, ఉత్సాహం. యుద్ధవీరుడితోపాటు దానవీరుడు, ధర్మవీరుడు, దయావీరుడు కూడా ఉన్నారు. డిగ్రీ తెలుగు చదివినవాళ్ళ కోసం ఇంతవరకు ఒక్క నిమిషంలో చెప్పి వదిలేయండి. ఈ పేర్లతో ప్రసంగం మొదలుపెడితే మాత్రం పరీక్ష గైడు చదువుతున్నట్టే ఉంటుంది.

8. వీరగల్లు చూసి రండి

సభకు ముందు ఒక పూట ఖర్చుపెట్టగలిగితే, దగ్గర్లో ఉన్న వీరగల్లు, అంటే పోరులో చనిపోయినవాడి గుర్తుగా నిలబెట్టిన రాయి, దగ్గరికి వెళ్ళండి. పాత శివాలయాల ఆవరణలో, చెరువు కట్టల మీద, ఊరి పొలిమేరల్లో ఇవి కనబడతాయి. ఊళ్ళో దానికి ఏదో ఒక దేవుడి పేరు ఉండొచ్చు, కాబట్టి పెద్దవాళ్ళను అడిగితే దారి తేలిక. మామూలుగా రాయి మీద కింది నుంచి పైకి చదవాలి: కింద పోరాటం, మధ్యలో వీరుణ్ణి అప్సరసలు తీసుకెళ్ళడం, పైన శివలింగం దగ్గర అతను. మంద కోసం చచ్చినవాడైతే కింది పలకలో ఆవులు కూడా ఉంటాయి. అక్షరాలు కనబడటం లేదని సుద్దముక్కతో రుద్దొద్దు, నూనె పూయొద్దు. ఉదయం లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే గీతలు వాటంతటవే తేలతాయి. ఊరివాళ్ళు పూజ చేస్తున్న రాయి అయితే చెప్పులు విప్పి, అడిగి తీయండి. శాసనం ఉంటే దాని పాఠం కోసం 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు చూడొచ్చు. కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి కాబట్టి ప్రకాశం వాళ్ళకూ అదే ఆధారం.

ఆ ఒక్క ఫోటో సభలో చూపించండి చాలు. అర్జునుడికి పద్దెనిమిది పర్వాలున్నాయి. ఈ రాతి మీది మనిషికి ఉన్నది ఈ రాయి ఒక్కటే.

9. నోటికి పని చెప్పండి

పద్యాలు రెండు చాలు, మూడు దాటితే ఎక్కువ. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకోండి, ఫోన్లో చూసి చదవొద్దు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. సీసపద్యంలో ఊపిరి ప్రతి పాదం సగంలో తీసుకోండి, సమాసం మధ్యలో తీసుకుంటే అర్థం తెగిపోతుంది. సీసం కింద వచ్చే చిన్న పద్యం, ఎత్తుగీతి, దగ్గర వేగం తగ్గించండి. రాగం రాకపోతే టెన్షన్ పడకండి, స్పష్టంగా చదివితే చాలు. రాగం వచ్చినవాళ్ళు ఎలాగూ ముందు వరసలో ఉన్నారు, వాళ్ళను అందుకోమనండి. అర్థం పద్యానికి ముందే చెప్పేయండి, అప్పుడు వింటున్నవాళ్ళు పద్యాన్ని పట్టుకోగలుగుతారు.

10. చివర్లో వచ్చే ప్రశ్న

ఎక్కడ మాట్లాడినా ఒక పెద్దాయన లేచి “ఏందబ్బయా, ఇంతకీ కర్ణుడు గొప్పోడా, అర్జునుడు గొప్పోడా?” అని అడుగుతాడు. తీర్పు ఇవ్వకండి. నాలుగు సంగతులు చెప్పండి. దుర్యోధనుడు అడవిలోని పాండవుల ముందు దర్పం చూపడానికి వెళ్ళిన ఘోషయాత్రలో గంధర్వులు మీదపడితే కర్ణుడు యుద్ధం వదిలి వెళ్ళిపోయాడు. ఇది రాసింది అరణ్యపర్వాన్ని పూర్తిచేసిన గుడ్లూరి ఎర్రన. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడి ముందు నిలవలేకపోయాడు. ఇది నెల్లూరి తిక్కన. ఆ కర్ణుడే, నువ్వు పాండవులకు అన్నవు, వస్తే రాజ్యం నీదేనని కృష్ణుడు చెప్పినప్పుడు దుర్యోధనుణ్ణి వదలనన్నాడు. తల్లి అడిగినప్పుడు అర్జునుణ్ణి తప్ప మిగతావాళ్ళను చంపనని, నీకు ఎప్పటికీ ఐదుగురు కొడుకులే ఉంటారని మాట ఇచ్చాడు. ఓడిపోతామని తెలిసే ఇచ్చాడు. ఎక్కడ తగ్గాడో, ఎక్కడ తగ్గలేదో ఇప్పుడు మీరే చెప్పండి అని ఆయన్నే అడగండి. ఆయన మొదలుపెట్టగానే మైకు ఆయన చేతికిచ్చి కూర్చోండి.